గృహంలో పానస్థలం: ఆతిథ్యం, చట్టం, చోటు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అతిథుల కోసం ఇంట్లో ప్రత్యేకంగా ఏర్పరచుకొనే పానస్థలాన్ని నేడు ‘హోమ్ బార్’ అంటున్నారు. ఇది పూర్తిగా పాశ్చాత్య అనుకరణ అనే అభిప్రాయం ఒకటి, ప్రాచీన భారతీయ సంపన్న జీవితానికి కొనసాగింపు అనే అభిప్రాయం మరొకటి వాడుకలో ఉన్నాయి. ఇంటి కప్పు కింద తాగే హక్కు ఎవరికి ఉండేది, ఆ హక్కును ఏ పేరుతో సమర్థించారు అన్న ప్రశ్న ఆధారంగా ఈ రెండింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పానభూమి, ఆపానకం, కల్లు, అబ్కారీ, మద్యనిషేధం, ఆతిథ్యం.

ఉపోద్ఘాతం

సుందరకాండ పారాయణం జరిగే ప్రతి తెలుగు ఇంట్లోనూ ఒక పానశాల వర్ణన వినిపించి తీరుతుంది. సీతను వెదుకుతూ హనుమంతుడు రావణాంతఃపురంలో పానభూమిని చూసే ఘట్టం పదకొండవ సర్గలోనిది. బంగారు కలశాలు, స్ఫటిక పాత్రలు, సగం తాగి విడిచినవి కొన్ని, పూర్తిగా ఖాళీ అయినవి కొన్ని, అసలు ముట్టనివి కొన్ని. చక్కెరతో చేసిన ఆసవం, పూలతో చేసినది, పండ్లతో చేసినది వేరువేరుగా ఉన్నాయి. పక్కనే రకరకాల మాంసాలు, పుల్లని, ఉప్పని ఉపదంశాలు. భక్తితో చదివేవారు ఈ శ్లోకాలను త్వరగా దాటిపోతారు. సాంఘిక చరిత్రకారుడు మాత్రం ఆగవలసిన చోటు ఇదే. ఏ పదార్థంతో చేసిన పాత్ర, ఏ దినుసుతో తయారైన మద్యం, దానితో నంజుకొనేదేమిటి అన్న మూడు విషయాలూ ఇక్కడ నమోదయ్యాయి. నాలుగవది అంతకన్నా ముఖ్యం. ఆ పానభూమి వీధిలోని దుకాణం కాదు, యజమాని ఇంట్లో ఒక భాగం.

రావణుని ఇల్లు కాబట్టి అలా ఉందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. రాక్షసగృహంగా భావించకుండా సామాన్య నాగరిక గృహంగానే చిత్రించిన ఇతర గ్రంథాల్లోనూ ఇటువంటి ఏర్పాటు కనిపిస్తుంది.

శాస్త్రగ్రంథాల్లో ఇల్లు, పానాగారం

కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయం కేటాయించారు. ప్రభుత్వ పానాగారాలు ఎలా ఉండాలో అందులో వివరం ఉంది. అనేక గదులు ఉండాలి, పడకలు, ఆసనాలు వేరువేరుగా అమర్చాలి, గంధం, పూలమాలలు, నీరు ఉండాలి, ఏ ఋతువులోనైనా సుఖంగా ఉండాలి. నేటి అలంకరణ నిపుణుడు ఇచ్చే సలహాకు ఇది పెద్దగా భిన్నం కాదు. అయితే ఆ సౌకర్యం వెనుక నిఘా ఉంది. ఎవరు ఎంత ఖర్చు చేస్తున్నారో గూఢచారులు గమనించాలి, మత్తులో నిద్రపోయినవారి స్వభావాన్ని వర్తకులు తమ దాసీల ద్వారా తెలుసుకోవాలి.

అదే అధ్యాయంలో అంతగా చర్చకు రాని రెండు నియమాలున్నాయి. మొదటిది మద్యాన్ని బయటకు తీసుకుపోవడానికి సంబంధించినది. శుచిగలవారని పేరుపొందినవారు మాత్రమే కొలతకు లోబడి, కుడుబంలో నాలుగవ వంతు మొదలు ఒక ప్రస్థం వరకు, వెంట తీసుకుపోవచ్చు. తక్కినవారు పానాగారంలోనే తాగాలి, తాగినంతసేపూ అక్కడి నుంచి కదలకూడదు. రెండవది గృహస్థులకు సంబంధించినది. శుభకార్యాల సందర్భంలో శ్వేతసురను, ఔషధంగా అరిష్టాన్ని ఇంట్లోనే తయారుచేసుకొనే వీలు వారికి కల్పించారు. అంటే ఇంట్లో తాగడం అన్నది అందరికీ సమానంగా దక్కిన స్వేచ్ఛ కాదు. మంచిపేరు, శుభకార్యం, వైద్యం – ఈ మూడింటిలో ఏదో ఒకటి చూపించగలిగినవారికి లభించిన మినహాయింపు. రెండు వేల ఏళ్ల తరువాతి చట్టాల్లోనూ ఈ మూడు సాకులే రూపం మార్చుకొని కనిపిస్తాయి.

వాత్స్యాయనుని కామసూత్రాల్లో నాగరకుని దినచర్య ఈ మినహాయింపు పొందిన వర్గానిది. ఒకరి ఇంట్లో ఒకరు కలుసుకొని తాగే ఆపానకాలు అతని వినోదాల్లో ఒకటి. మధువు, మైరేయం, సుర, ఆసవం అనే పానీయాలతోపాటు ఉప్పు, పండ్లు, ఆకుకూరలు, చేదు, కారం, పులుపు పదార్థాలను ఉపదంశాలుగా వడ్డించేవారు. ఉపదంశానికి తెలుగులో ‘నంజు’ కన్నా దగ్గరి మాట లేదు. ‘నంజుకొను’ క్రియ నుంచి వచ్చిన ‘నంజుడు’ కాలక్రమంలో మాంసానికే పేరైందంటే ఈ తినే అలవాటు భాషలో ఎంత లోతుగా నాటుకుందో తెలుస్తుంది. ఆపానకంలో గమనించవలసిన మరో అంశం ‘పరస్పర’ భావన. ఈరోజు అతిథి అయినవాడు రేపు యజమాని. డబ్బు చెల్లించే దుకాణానికీ, బదులు పిలుపుతో రుణం తీర్చుకొనే ఇంటికీ తేడా ఇక్కడే ఉంది.

ఈ నాగరిక సంస్కృతి కృష్ణాతీరానికి తెలియనిది కాదు. క్రీ.శ. 3వ, 4వ శతాబ్దుల ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శిల్పాల్లో పానశృంగాన్ని చేత పట్టుకొన్న పురుషమూర్తి ఒకటి ఉంది. దాన్ని గ్రీకు, రోమను సంప్రదాయంలోని మద్యదేవతతో పోల్చినవారున్నారు. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసం రాజు ఆడదగిన క్రీడల్లో మదిరాపాన క్రీడను చేర్చింది. మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనల్లో దండి మధుపానాన్ని చేర్చాడు. అష్టాదశ వర్ణనల పట్టిక ద్వారా అది తెలుగు ప్రబంధంలోకి వచ్చింది. అయితే ప్రబంధంలోని మధుపాన వర్ణనను ఆనాటి తెలుగు ఇంటికి సాక్ష్యంగా తీసుకోవడం తొందరపాటు. అది కావ్యలక్షణం కోరిన వర్ణన. కవి చూసినదో, పూర్వకవులను చదివి రాసినదో చాలా సందర్భాల్లో తేల్చలేం.

కల్లు అల్మరా ఎందుకు ఎక్కలేదు?

సంస్కృత గ్రంథాల్లోని ఆసవాలు, అరిష్టాలు కొంతకాలం నిలువ ఉంచదగినవి. తెలుగు నేలలో అత్యధికులు తాగినది మాత్రం కల్లు. తాటి, ఈత, జీలుగు చెట్ల నుంచి తెల్లవారుజామున దించినప్పుడు ఆ నీరు తియ్యగా ఉంటుంది. గాలిలోని, లొట్టిలోని ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుపు, మత్తు పెరుగుతాయి, మరునాటికి అది తాగడానికి పనికిరాకుండా పోతుంది. ఈ చిన్న రసాయనిక సత్యం సాంఘిక చరిత్రలో చాలా పెద్ద పాత్ర వహించింది. కల్లును దాచుకోలేరు కనుక దానికి గది అక్కరలేదు, అర అక్కరలేదు. చెట్టు ఉన్న చోటే పానస్థలం. గీతకారుడు దించిన వేళే గోష్ఠివేళ. తాటాకు దొప్ప లేదా ముంత పాత్ర, కాల్చిన చేపో గుడాలో నంజు. తెలంగాణలో కల్లు మండువా అని, పట్టణాల్లో కల్లు కాంపౌండు అని పిలిచే చోట్లు ఈ చెట్టునీడకు కొంత స్థిరరూపం మాత్రమే.

అలాగని కల్లుకు ఇంట్లో చోటు లేదనుకోకూడదు. తెలంగాణ పల్లెల్లో పెళ్లికి, చావుకు, పండుగకు లొట్టి వాకిట్లోకి వస్తుంది. గ్రామదేవతకు సాక పోసిన తరువాత బంధువులకు పోస్తారు. ఇక్కడ మద్యం మొదటి అతిథి దేవత. ఇంటికి వచ్చిన చుట్టానికి కల్లు తెప్పించడం మర్యాద, తెప్పించకపోవడం లోపం. కానీ ఆ మర్యాద వాకిలి వరకే. వచ్చిన రోజే అయిపోతుంది, ఏ వస్తువునూ మిగల్చదు. హోమ్ బార్‌లో కనిపించే ‘సేకరణ’, అంటే సీసాలను వరుసగా పేర్చి చూపించుకోవడం, కల్లుతో సాధ్యం కాదు. కల్లు తాగినవారి ఇళ్లలో పానస్థలం ఎందుకు లేదని అడిగితే సంస్కారం లోపించిందనో, స్తోమత లేదనో జవాబు చెప్పడం సరికాదు. ఆ పానీయానికి ఆ ఏర్పాటుతో అవసరమే రాలేదు.

ఆదివాసుల ఇప్పసారా కథ వేరు. ఎండబెట్టిన ఇప్పపూలను నానబెట్టి, పులియబెట్టి, కుండలపై బట్టీ పెట్టి దించే ఈ సారా కొన్నాళ్లు నిలువ ఉంటుంది. పైగా అది ఇంట్లోనే తయారయ్యేది. ఆదిలాబాదు గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్ గ్రంథం 1948లో వెలువడింది. ఆ సమాజంలో దేవతాకార్యాలకూ, పెళ్లి మాటలకూ, అతిథిమర్యాదకూ సారా విడదీయరానిది. ఉత్పత్తి, నైవేద్యం, ఆతిథ్యం మూడూ ఒకే కప్పు కింద జరిగిన అసలైన గృహపానస్థలం అంటే ఇదే. అయితే అబ్కారీ చట్టాల కళ్లకు అది నేరం. మద్రాసు అబ్కారీ చట్టం 1886లో, హైదరాబాదు అబ్కారీ చట్టం 1316 ఫసలీలో వచ్చాయి. లైసెన్సు లేనిదే సారా కాచడం వాటి ప్రకారం శిక్షార్హం. కౌటిల్యుడు గృహస్థుకు వదిలిన శుభకార్యపు వెసులుబాటు ఆదివాసి గృహస్థు దగ్గర ఆగిపోయింది.

సారా దుకాణపు లోకాన్ని తెలుగు సాహిత్యంలో చూపించిన రచన కన్యాశుల్కం. గురజాడ ఆ రంగంలో బైరాగిని, హవల్దారును, వీరేశను, మనవాళ్లయ్యను ఒకచోట కూర్చోబెట్టాడు. బయట ఒకరి పక్కన ఒకరు కూర్చోని శైవ, వైష్ణవ వేషాలు అక్కడ కలిసి తాగాయి. దుకాణం తలుపు ఎవరికైనా తెరిచే ఉంటుంది కాబట్టి ఈ సమ్మేళనం సాధ్యమైంది. ఇంటి పానస్థలానికి ఈ గుణం లేదు. అక్కడికి పిలిచినవారే వస్తారు, ఎవరిని పిలవాలో కులం, హోదా, ఉద్యోగం ముందే నిర్ణయిస్తాయి.

కోరమాండల్ తీరం: పంచ్, సీసా, మంచు

అల్మరాలో పెట్టుకోదగిన మద్యం తెలుగు తీరానికి ఓడల మీద వచ్చింది. 1611లో ఈస్టిండియా కంపెనీ ‘గ్లోబ్’ నౌక కోరమాండల్ తీరంలో మొదట ఆగిన చోట్లలో ఆంగ్ల పత్రాలు ‘పెట్టపోలి’ అని పిలిచిన నిజాంపట్నం ఒకటి. తరువాత మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పడింది. ‘పంచ్’ అనే పానీయం పేరు ఇంగ్లీషులో లిఖితంగా కనిపించే తొలి ఆధారం 1632 నాటి ఒక కంపెనీ ఉద్యోగి ఉత్తరం. అది చేరవలసిన చిరునామా ఈ పెట్టపోలిలోని వర్తకునిదే. ఇల్లు సవ్యంగా నడుపుకోమని, పంచ్ జోలికి పోవద్దని ఆ ఉత్తరం హితవు చెప్పింది. సారాయి, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యాలు కలిపి ఒకే పెద్ద పాత్రలో నలుగురూ పంచుకొనే పానీయం అది. అనేక దేశాల కలగలుపు పానీయాలకు పూర్వరూపమైన పంచ్ తొలి నమోదులోనే ‘ఇల్లు’, ‘పంచ్’ ఎదురెదురుగా నిలబడటం ఆసక్తికరం. హితవు చెప్పవలసి వచ్చిందంటే కంపెనీవారి ఇళ్లలో అప్పటికే ఏం జరుగుతోందో ఊహించవచ్చు.

ఆ తరువాత రెండు శతాబ్దాల్లో కంపెనీ అధికారుల ఇళ్లలో మద్యానికి ప్రత్యేకంగా నౌకరు ఏర్పడ్డాడు. పానీయాలను చల్లబరిచే ‘ఆబ్‌దారు’ ఆ కాలపు ఇంటి సిబ్బందిలో ఒకడు. వేసవిలో సీసాను చల్లబరచడం అంత కష్టమైన పని. 1833లో అమెరికా నుంచి మంచుగడ్డల ఓడ కలకత్తా చేరింది. 1842లో మద్రాసు సముద్రతీరంలో మంచు నిలువకు ఐస్ హౌస్ కట్టారు. తరువాతి కాలంలో వివేకానందుడు బస చేసిన భవనం అదే కావడం చరిత్ర చేసిన చమత్కారం. గాజుసీసా, బట్టీ దించిన ఘాటు మద్యం, మంచు – ఈ మూడూ సమకూరాకే ఇంట్లో మద్యం వస్తువుగా నిలిచింది. మూడూ డబ్బున్నవారివే. జమీందారులు, దుబాసీలు, పెద్ద ఉద్యోగులు దొరలకు విందు చేసే సందర్భాల్లో ఈ సామగ్రి దేశీయ గృహాల ముందుభాగంలోకి వచ్చింది. వంటిల్లు, దేవుని గది ఉన్న లోపలిభాగంలోకి మాత్రం రాలేదు.

అడ్డుకర్ర ఇంట్లోకి వచ్చిన తీరు

ఇంతవరకు చెప్పిన ఏ గృహంలోనూ ‘బార్’ లేదు. బార్ అంటే అడ్డుకర్ర. అమ్మేవానికీ కొనేవానికీ మధ్య, సీసాలకూ చేతులకూ మధ్య దుకాణదారు పెట్టుకొన్న అడ్డు. నలుగురూ చేరే గదికి ఈ దుకాణపు వస్తువును తేవలసిన అవసరం ఎందుకు కలిగింది? దీనికి సమాధానంలో పెద్దభాగం అమెరికా మద్యనిషేధంలో ఉంది.

1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 వరకు అమెరికాలో మద్యం తయారీ, విక్రయం, రవాణా నిషిద్ధం. తాగడం నిషిద్ధం కాదు. దీన్ని అమలుపరచిన వోల్‌స్టెడ్ చట్టం నివాసగృహానికి స్పష్టమైన మినహాయింపు ఇచ్చింది. అప్పటికే చట్టబద్ధంగా సంపాదించిన మద్యాన్ని సొంత ఇంట్లో, యజమాని, అతని కుటుంబం, నిజమైన అతిథులు వాడుకోవడానికి ఉంచుకోవచ్చు. ‘అతిథి’ ఇక్కడ చట్టంలోని మాట అయింది. నిషేధం మొదలుకాకముందే సంపన్నులు నేలమాళిగలు నింపుకొన్నారు. శ్రామికులు చేరే సెలూన్లు మూతపడ్డాయి. పురుషులకే పరిమితమైన ఆ దుకాణం స్థానంలో స్త్రీపురుషులు కలిసి కూర్చొనే గృహవిందు వచ్చింది. అల్మరాలా, పుస్తకాల బీరువాలా కనిపిస్తూ లోపల సీసాలు దాచే సామాను ఆ కాలపు సృష్టి. నిషేధం ఎత్తివేశాక ఆ సామాను దాగవలసిన పని తప్పింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత శివారు ఇళ్లలో నేలమాళిగ వినోదపు గదిగా మారి, ఎత్తయిన బల్ల, వెనుక అద్దపు అరలు, ముందు ఎత్తు స్టూళ్లు అందులో స్థిరపడ్డాయి.

ఈ అమరికలో యజమాని నిలబడే చోటు మారిన సంగతి గుర్తించాలి. తెలుగు విందులో ఇంటివారు పంక్తుల మధ్య తిరుగుతూ, వంగి, కొసరి వడ్డిస్తారు. అతిథి కూర్చుంటాడు, యజమాని కదులుతాడు. బార్‌లో యజమాని అడ్డుబల్ల వెనుక నిలబడి దుకాణదారు వేషం వేస్తాడు. అతిథి అతని ముందుకు వచ్చి తనకేది కావాలో చెప్పాలి. ఇది ఆట అని ఇద్దరికీ తెలుసు, బిల్లు రాదనీ తెలుసు. అయినా ‘మీ ఇష్టం’ అని వదిలేసే ఆతిథ్యానికీ, వద్దన్నా వడ్డించే ఆతిథ్యానికీ మధ్య దూరం చిన్నది కాదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ల నేలమాళిగల్లో ఈ రెండు పద్ధతులూ కలిసిపోయి కనిపిస్తాయి. బల్ల వెనుక నిలబడాల్సిన యజమాని పళ్లెంలో వేయించిన జీడిపప్పు, కోడివేపుడు పట్టుకొని సోఫాల మధ్య తిరుగుతూ ఉంటాడు.

తెలుగు నేలపై నిషేధాలు

రాజాజీ మంత్రివర్గం 1937లో మద్రాసు మద్యనిషేధ చట్టాన్ని తెచ్చి మొదట సేలంలో, 1938లో చిత్తూరు, కడప జిల్లాల్లో అమలుచేసింది. యుద్ధకాలంలో సడలిన నిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటా విస్తరించింది. విదేశీయులకు పర్మిట్లిచ్చే ఏర్పాటు మాత్రం చట్టంలోనే ఉంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక ఈ నిషేధమే రాజకీయసంక్షోభానికి కారణమై 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చెట్టు మీద ఆధారపడిన గీతకార్మికుల జీవనం ఆనాటి వాదప్రతివాదాలకు కేంద్రం. ఇంట్లో సీసా పెట్టుకోగలిగినవారి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరగబడినప్పుడు ‘ఇల్లు’ అన్న మాటకు మరో అర్థం బయటపడింది. అప్పటికి ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చింది. కల్లులా అది చెట్టు దగ్గర ఆగలేదు. జేబులో పట్టేది, పులిసిపోదు, పొలం గట్టు మీదా ఇంటి గుమ్మంలోనూ దొరికేది. ఒకరకంగా అల్మరాలో సీసాకున్న సౌలభ్యం అంతా ఆ ప్యాకెట్టుకు వచ్చింది, అల్మరా తప్ప. పేద ఇంట్లోకి మద్యం ఆతిథ్యంగా రాలేదు. కూలిడబ్బు రాకపోవడంగా, దెబ్బలుగా వచ్చింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చొన్న రోశమ్మ వంటి స్త్రీలు మూయించినది ఊరి సారా దుకాణాన్ని. వారి ఆందోళన ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. విదేశీ తరహా మద్యం మాత్రం మరో పదిహేను నెలలు యథాతథంగా అమ్ముడైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ పదిహేను నెలల విరామం చరిత్రలో చిన్న అధ్యాయంగా కనిపించవచ్చు. కానీ ప్యాకెట్టుకూ సీసాకూ, గుడిసెకూ మేడకూ చట్టం వేసిన గీత అంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించలేదు.

నేడు హైదరాబాదు, విశాఖపట్నాల్లో అపార్టుమెంటు ప్లానులో పూజగదికి ఈశాన్యం కేటాయించిన చేత్తోనే హాలు మూలలో బార్ యూనిట్‌కు కొలతలు గీస్తున్నారు. చాలాచోట్ల దానికి తలుపులు పెట్టిస్తారు. పెద్దలు ఊరి నుంచి వచ్చినప్పుడు, వ్రతం జరిగినప్పుడు మూయడానికి, స్నేహితులు వచ్చినప్పుడు తెరవడానికి. నిషేధకాలపు అమెరికా బీరువాను పోలీసు కోసం దాచారు, ఈ బీరువాను మామగారి కోసం దాస్తున్నారు. ఇంటి ఆడవారు ఆ మూలలో కూర్చుంటారా, లేక నంజు వేయించి పంపే వంటింటికే పరిమితమవుతారా అన్నది ఇంటింటికీ మారుతోంది. బల్ల ఎంత ఖరీదైనదన్న దానికన్నా ఆ ఇంటి స్వభావాన్ని ఎక్కువగా చెప్పేది ఇదే.

చట్టం ఈ బీరువాను పూర్తిగా విడిచిపెట్టలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక వ్యక్తి తన దగ్గర ఉంచుకోదగిన మద్యం సీసాల పరిమితిని ఆరు నుంచి మూడుకు తగ్గించింది. ప్రస్థం స్థానంలో సీసా వచ్చింది, కొలిచే అధికారి సురాధ్యక్షుడు కాక ఎక్సైజు ఇన్‌స్పెక్టరు. ఆ మూడు సీసాల లెక్క హాలు మూలలోని గాజు అరల్లో ఎన్నిసార్లు తనిఖీ అయిందో, పల్లె గుడిసెలో ఎన్నిసార్లు అయిందో పోల్చి చూడవలసిన పని ఎక్సైజు కేసుల దస్త్రాలను ఇలాకాల వారీగా తెరిచే పరిశోధకులది.